తడి ఆరని గీత

పట్టాభికి ఆ సాయంత్రం రెండే దారులు కనిపించాయి. ఒకటి, తన ఉద్యోగం పోవడం. రెండోది, సువార్త అనే పిల్ల చదువు పోవడం. రెండోదే న్యాయమని అతనికి గట్టి నమ్మకం. అంత గట్టి నమ్మకం ఉన్నవాడు హాయిగా ఇంట్లో కూచుని కాఫీ తాగొచ్చు. పట్టాభి మాత్రం బండి తీసి, తనకు చిన్నప్పుడు బాస్కెట్‌బాల్ నేర్పిన దేవసహాయం మాస్టారి దగ్గరికి బయల్దేరాడు.

పట్టాభి ఒంగోల్లో ఒక ప్రైవేటు మహిళా కళాశాలలో పీడీ. అంటే ఆటల మాస్టారు. ఎన్నాళ్ళ నుంచో టెంపరరీ. ఈ ఏడు కప్పు తెస్తే పర్మనెంట్ చేస్తామని కరస్పాండెంటు గారు నలుగురిలో అన్నారు. జట్టు ఎన్నడూ లేనిది ఫైనలుకు చేరింది. కరస్పాండెంటు గారు చుట్టాలందర్నీ వెంటేసుకుని వచ్చి ముందు వరసలో కూచున్నారు.

ఆట చివరికొచ్చేసరికి వీళ్ళు ఒక్క పాయింటు ముందున్నారు. బంతీ వీళ్ళ చేతిలోనే ఉంది. గంట మోగడానికి కొన్ని సెకన్లే మిగిలాయి. ఆ కాసేపూ బంతిని దాచుకుని అటూ ఇటూ తిరిగితే చాలు, కప్పు వీళ్ళదే.

బంతి సువార్త దగ్గరుంది. వేటపాలెం పిల్ల. ఆట కోటాలో సీటూ, హాస్టలూ ఉచితంగా వస్తే తప్ప డిగ్రీ గుమ్మం తొక్కలేని ఇంటి నుంచి వచ్చింది. జట్టులో అందరికన్నా బాగా ఆడేదీ ఆ పిల్లే.

రేకుల కప్పు కింద డప్పులు, ఈలలు, అరుపులు. పట్టాభి గొంతు చించుకుని, "వెయ్యొద్దు! వెయ్యొద్దు!" అని అరిచాడు.

సువార్త ఒక్కసారి అతని వైపు చూసింది. చూసి, వేసింది.

బంతి రింగుకు తగిలి బయటికొచ్చింది. అవతలి జట్టు పిల్ల దాన్ని అందుకుని అక్కణ్ణుంచే విసిరేసింది. గంట మోగుతుండగా అది కోర్టంతా దాటి వెళ్ళి బాస్కెట్లో పడింది.

మర్నాడు కరస్పాండెంటు గారు పట్టాభినీ సువార్తనూ పిలిపించి విచారించారు. ఆ పిల్లను పంపేశాక పట్టాభితో అన్నారు:

"రేపు పొద్దున నాకొక్క మాట చెప్పండి మాస్టారూ. తప్పు మీదైతే మేం వేరే పీడీని చూసుకుంటాం. ఆ అమ్మాయిదైతే సీటూ, హాస్టలూ తీసేస్తాం. చెప్పిన మాట వినని వాళ్ళకి ఊరికే అన్నం పెట్టడానికి మాదేం సత్రం కాదు."

ఇదీ పట్టాభి మోసుకొచ్చిన బరువు.

దేవసహాయం మాస్టారు స్కూల్లో రిటైరయ్యాక ఊరి పిల్లలకు గ్రౌండులో ఊరికే ఆట నేర్పుతున్నారు. మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా ఏటా వేసవి సెలవుల ముందు కోర్టు గీతలకు ఆయనే పెయింటు వేస్తారు. ఇంకొకరు వేస్తే వంకర పోతాయని ఆయన అనుమానం. ఆయన వేసినవీ కాస్త వంకరే, కానీ ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఎవరికీ లేదు.

పట్టాభి వెళ్ళేసరికి ఆయన ముక్కాలి పీట మీద కూచుని గీత దిద్దుతున్నారు. అవతలి సగం కోర్టులో పిల్లలు ఆడుకుంటున్నారు. పట్టాభి పక్కన గొంతుక్కూచుని జరిగిందంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ మాస్టారు కుంచె ఆపలేదు.

"అరిచి చెప్పాను మాస్టారూ. ఒకసారి కాదు, రెండుసార్లు. నా మొహంలోకి చూసి మరీ వేసింది. అదేం పొగరు? ఒక్క క్షణంలో నా కష్టమంతా బూడిదలో పోసింది. అలాంటి పిల్లను జట్టులో ఉంచితే రేపు నా మాట ఎవరు వింటారు?"

"గట్టిగానే అరిచావా?"

"గొంతు ఇంకా పట్టేసే ఉంది, చూడండి."

మాస్టారు తలూపారు. డబ్బాలోకి చూసి, "పెయింటు అయిపోయింది. గేటు దగ్గర గదిలో ఇంకో డబ్బా ఉంది, పట్టుకురా," అన్నారు.

నేను మనిషి బతుకు గురించి మాట్లాడుతుంటే ఈయనకు పెయింటు గోలేమిటని పట్టాభికి ఒళ్ళు మండింది. మండినా లేచి వెళ్ళాడు. ఎంత పెద్ద పీడీ అయినా మాస్టారు డబ్బా తెమ్మంటే తేవలసిందే.

అతను గది వెతికి డబ్బా పట్టుకుని వచ్చేసరికి గ్రౌండంతా దద్దరిల్లుతోంది. మాస్టారు ఈల వేసి పిల్లలందరి చేతికీ తలా ఒక బంతి ఇచ్చినట్టున్నారు. అందరూ ఒకేసారి సిమెంటు మీద దబదబా కొడుతున్నారు, కొడుతూ నోటికొచ్చినట్టు కేకలు పెడుతున్నారు. మాస్టారు కోర్టుకు ఆ చివర్న నిలబడి ఉన్నారు. పట్టాభిని చూడగానే చెయ్యెత్తి, మెడనరాలు పొంగేలా ఏదో అరిచారు. మళ్ళీ అరిచారు.

పట్టాభి ఆయనకేమయిందోనని కంగారుపడి, డబ్బాతో సహా నేరుగా కోర్టుకు అడ్డంపడి పరుగెత్తాడు.

"ఏమైంది మాస్టారూ? పిలిచారు?"

"రావొద్దన్నాను."

పట్టాభి వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడే దిద్దిన గీత మధ్యలో చెదిరిపోయి ఉంది. అక్కణ్ణుంచి తన కాళ్ళ దాకా తెల్లటి బూటు ముద్రలు.

ఈలోగా పిల్లలు చూడనే చూశారు. బంతులు ఆగిపోయాయి.

"మాస్టారూ! గీత తొక్కేశారు! ఎవరు మాస్టారూ తొక్కింది?"

ఆ గ్రౌండులో ఒక రివాజు ఉంది. తడి గీత తొక్కినవాళ్ళు గ్రౌండు చుట్టూ ఒక రౌండు కొట్టాలి. ఎవరైనా సరే. ఒకసారి పెయింటు డబ్బాలు ఇప్పించిన కౌన్సిలరు గారి చేత కూడా పిల్లలు కొట్టించారు.

పట్టాభి డబ్బాను బూట్లకు అడ్డంగా పెట్టుకున్నాడు. ఎందుకలా చేశాడో అతనికే తెలీదు.

"నేనే తొక్కాన్రా," అన్నారు మాస్టారు.

పిల్లలు ఒక్క క్షణం మొహమొహాలు చూసుకున్నారు. తర్వాత పండగే పండగ.

"అయితే మీరూ కొట్టాల్సిందే! రౌండు! రౌండు!"

"కొడతాను లేరా, తప్పుతుందా," అని ఆయన కుంచె కింద పెట్టి, పంచె ఎగ్గట్టి, కుంటుకుంటూ నడక మొదలుపెట్టారు. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. పట్టాభి డబ్బా అక్కడే వదిలేసి వెనకాలే పరుగెత్తాడు.

"ఆగండి మాస్టారూ. మీరెందుకు? తొక్కింది నేను కదా!"

"అరిచింది నేను కదా."

"మీరు రావొద్దనే కదా అరిచారు!"

"నీకేం వినబడింది?"

పట్టాభి ఆయన పక్కనే నడిచాడు. మాస్టారు మోకాలు నొక్కుకోవడానికి ఆగితే పట్టాభీ ఆగాడు.

"రా అని వినబడింది," అన్నాడు చివరికి. "వద్దు అన్న ముక్క ఆ గోలలో కొట్టుకుపోయింది."

మాస్టారు మళ్ళీ నడిచారు. ఫుట్‌బాల్ గోల్‌పోస్టు దాటాక, ఏదో మామూలు సంగతి అడిగినట్టు అడిగారు.

"కరస్పాండెంటు గారు ఆ పిల్లను కూడా పిలిచారన్నావు. ఆయన ముందు ఏమంది?"

"నేనే వేశానండీ అంది."

"అంతేనా?"

"మీ సార్ ఏమన్నారమ్మా అని ఆయన గుచ్చి గుచ్చి అడిగారు. సార్ ఏమీ అన్లేదండీ అంది. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను మాస్టారూ! అంతలా గొంతు పోయేలా అరిస్తే ఏమీ అన్లేదంటుందా, ఎంత అబద్ధాలకోరు అని నాకు అప్పుడు..."

పట్టాభి అక్కడే నిలబడిపోయాడు. సువార్త కరస్పాండెంటు గారి గదిలో తనవైపు ఒక్కసారీ తలెత్తి చూడలేదు. దాన్ని అతను తప్పు చేసిన వాళ్ళ లక్షణం అనుకున్నాడు. 'వెయ్యి' అన్న ముక్క మాత్రమే విన్నా, ఆ మాట అతని మీదికి రాకుండా ఆ పిల్ల తన సీటూ, తిండీ, ఇల్లూ అన్నీ అడ్డం పెట్టి నిలబడిందని, తాను పక్కనే నిలబడి పళ్ళు నూరుతున్నాడని ఇప్పుడు తెలిసింది. ముప్పయ్యేళ్ళు దాటిన మనిషి, గ్రౌండు మధ్యలో, పిల్లలు చూస్తుండగా కళ్ళు తుడుచుకున్నాడు.

మాస్టారు అతను తుడుచుకోవడం అయ్యేదాకా ఆగారు. భుజం మీద చెయ్యి వేశారు. ఓదార్పుకో, మోకాలి నొప్పికో చెప్పడం కష్టం. ఆ చెయ్యి అలాగే ఉంచి మిగతా రౌండు పూర్తిచేశారు.

బండి దగ్గరికి వచ్చాక పట్టాభి అన్నాడు:

"రేపటి దాకా ఆగను. ముందు హాస్టలుకి వెళ్ళి ఆ పిల్లను చూస్తాను. అటునుంచటే కరస్పాండెంటు గారింటికి."

"ఉద్యోగం?"

"పోతే పోతుంది." అని, తాళం చెవి తిప్పబోతూ ఆగాడు. "ఆయన ఊరుకోరు మాస్టారూ. మీరు వెయ్యొద్దనే కదా అరిచారు, మేమంతా చూశాం, మీ తప్పేముంది, నోరు మూసుకుని ఉద్యోగం చేసుకోండి అంటారు. అది నిజమే కదా మరి. ఏం చెప్పను?"

మాస్టారు వంగి, అతని బూటుకు అంటిన పెయింటును తన పంచె చెంగుతో తుడిచారు. పట్టాభి కాలు వెనక్కి లాక్కోబోతే లాక్కోనివ్వలేదు.

"నువ్వేం అరిచావో అది వద్దు," అన్నారు. "ఆ పిల్ల ఏం విన్నదో అది చెప్పు."