భేష్ అనే పలక

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనమామ సింగయ్య. పూర్వం ఒక మంత్రి బడికి మాట్లాడే అద్దం పలకలు తెప్పించి, ఇక జీతం దండగని పంతుల్ని తీసేశాడు. పిల్లలు ఏం రాసినా పలక "భేష్" అనేది. బుట్టలల్లే పోలమ్మ కూతురు రెండూ రెండూ ఏడని రాసినా భేషే.

పోలమ్మ విసిగిపోయి, పలక పట్టుకుని రాజుగారి కొలువుకెళ్ళింది.

"ప్రభూ, దీన్ని మీ పక్కనే పెట్టుకోండి. మీరేమన్నా భేష్ అంటుంది. మంత్రిగారి జీతం మిగులుతుంది."

మంత్రి హడలిపోయాడు. "వద్దు ప్రభూ! తప్పు చెప్పడానికి పక్కన మనిషుండాలి."

"బడిలోనూ అంతే కదా, బాబూ" అంది పోలమ్మ.

పంతులు తిరిగొచ్చాడు. బడి గోడ మీద మాత్రం, పంతుల్ని నిలబెట్టింది మంత్రేనని రాశారు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. చదువుకున్నవాళ్ళెవరైనా ఆ పేరు చెరిపి, పోలమ్మ పేరు రాయండయ్యా.