దాహం వేసిన పడవ

"ఊఁ" అనే గొంతు ఒకటి తోడుంటేనే కథ కదులుతుంది. ఆ గొంతు ఆగిన చోట కథ కూడా కూలబడుతుంది. మా ఇంట కథ చెప్పేవారు పెట్టుకున్న కట్టుబాటు ఇది. కనుక ఊఁ అనండి. అనగా అనగా గోదావరి రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసేలోపు నడుమ గరికలంక అనే చిన్న ఊరు, ఆ ఊరికి ఎదురుగా ఎత్తైన గట్టు మీద ఒక మఠం, ఆ మఠంలో పరదేశయ్యగారనే గురువు.

పరదేశయ్యగారికి ఒక అలవాటు ఉండేది. అడిగిన ప్రశ్నకు ఆ పూటే సమాధానం చెప్పేవారు కారు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవారు. పని ముగిసేసరికి కొందరు శిష్యులు తమ ప్రశ్నను మరిచిపోయేవారు. కొందరికి ప్రశ్నే మారిపోయేది.

ఒక జ్యేష్ఠమాసపు ఉదయం అచ్యుతం అనే శిష్యుడు మఠం కప్పు మీద కొత్త తాటాకు పరుస్తూ, నిచ్చెన మీది నుంచే అడిగాడు.

"స్వామీ, ఎండలు మండిపోతున్నాయి. మీరేమో వానకు కప్పు, వరదకు అటక అంటూ ఇప్పటి నుంచే మమ్మల్ని పరుగులు పెట్టిస్తున్నారు. రాని ఆపదను రోజూ తలుచుకుంటూ కూర్చుంటే, ఉన్న నెమ్మది కూడా పోదా?"

గురువుగారు కింది నుంచి మరో ఆకు అందించారు. "గరికలంకలో పల్లాలమ్మ కూతురు నూకరత్నం పురిటికి పుట్టింటికి వచ్చిందట. శ్రావణంలో నీళ్ళాడుతుందని చెప్పుకుంటున్నారు. శ్రావణమంటే గోదావరికీ నిండు నెలలే. ఈ కప్పు ముగించి, ఆ ఊరి పడవ ఎలా ఉందో చూసి రా" అన్నారు.

వేసవిలో మఠానికీ లంకకూ నడుమ ఉన్న పాయ మోకాలి లోతు కూడా ఉండదు. అచ్యుతం పంచె ఎగగట్టుకుని, ఇసుకతిన్నెల మీదుగా నడిచి లంకకు చేరాడు. ఊళ్ళో చేపల వేటకు వెళ్ళే చిన్న దోనెలు ఉన్నాయి గానీ, పొంగిన ఏటిని దాటగల పెద్ద పడవ ఒక్కటే. తాతల నాటి పెద్ద వరదలో ఆ పడవే ఊరి ప్రాణాలను గట్టుకు చేర్చింది. నాటి నుంచి దానికి గంగమ్మ అని పేరు పెట్టి, పాక కట్టి, అందులో పీటల మీద నిలిపారు. పసుపు పూసిన అంచులు, వరుసగా కుంకుమ బొట్లు, పైన ఎర్రని చీర. పాక ముందు చెప్పులు విడవనిదే ఎవరూ అడుగు పెట్టరు. ఏటా తొలకరికి ముందు కొబ్బరికాయ కొట్టి, ఊరంతా హారతి కళ్ళకు అద్దుకుంటారు.

కూతురికి జడ వేస్తున్న పల్లాలమ్మ అచ్యుతాన్ని చూసి నవ్వింది. "ఏరు పొంగితే మాకేటి బాబూ? గంగమ్మ తల్లి ఉంది కదా. నా కూతుర్ని ఆవిడే గట్టెక్కిస్తుంది." అలా అంటూనే ఆమె చేయి కూతురి తల మీద కాసేపు నిలిచిపోయింది.

అచ్యుతం తృప్తిగా తిరిగి వచ్చాడు. "స్వామీ, ఆ పడవకు జరిగే సేవ మన మఠంలో విగ్రహానికి కూడా జరగదు."

"నీళ్ళలో దించుతారా?"

"దించడమా? దాని మీద కాలు పెట్టడమే అపచారమట."

గురువుగారు ఉత్తరీయం భుజాన వేసుకుని, శిష్యుణ్ణి వెంటబెట్టుకుని, ఆ సాయంత్రమే లంకకు బయలుదేరారు.

పడవను ఒకసారి రేవులో దించి చూద్దామని ఆయన అనగానే పాక ముందు కలకలం రేగింది. ఊరి పెద్ద తాతబ్బాయి చేతులు జోడించాడు గానీ గొంతు తగ్గించలేదు. "తమరు పెద్దలు, కాదనలేను. కానీ మమ్మల్ని కన్నతల్లిలా కాపాడిన పడవండి అది. రేపు అరటి గెలలు కూడా వేయించమంటారా?"

"వేయిస్తే మంచిదే" అన్నారు పరదేశయ్యగారు. జనం మరింత మండిపడ్డారు. ఆయన అరుగు మీద కూర్చున్న నూకరత్నం వైపు తిరిగి, ఇంటి ఆడపిల్లను పలకరించినట్లు పలకరించారు. "ఏమ్మా, పుట్టింట్లో కోరికలన్నీ తీరుస్తున్నారా? ఇంకా ఏమైనా మిగిలాయా?"

చూలాలు నోరు తెరిచి అడిగిన కోరిక తీర్చకపోతే పుట్టే బిడ్డకు చెవి కారుతుందని ఆ లంకలో గట్టి నమ్మకం. మామిడికాయ అడిగినా, చెరువు మట్టి అడిగినా, తెచ్చి పెట్టవలసిందే. నూకరత్నం గురువుగారి ముఖం చూసింది. పాకలోని పడవను చూసింది. ఆపైన పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

"పెదనాన్నా," అని తాతబ్బాయిని పిలిచింది, "నాకు పడవెక్కాలనుంది."

"ఓసి నీ కోరిక తగలెయ్య! నిండు చూలాలు ఏరు దాటకూడదే!"

"దాటను పెదనాన్నా. రేవులోనే కూర్చుంటాను. కాదంటే చెప్పు, రేపు బిడ్డ చెవి కారితే నీ పేరే చెబుతాను."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. "కాలు పెట్టకూడదే తల్లీ" అని తాతబ్బాయి గొణిగితే, నూకరత్నం కడుపు మీద చేయి వేసుకుని, ఈసారి నవ్వకుండా చెప్పింది. "ఆవిడా తల్లే కదా పెదనాన్నా. ఆవిడకు నా బరువు తెలియదా?"

ఆ మాటతో మగవాళ్ళు చెంపలు వేసుకుని, పడవను భుజాల మీద మోసి, రేవులోని మడుగులో దించారు. నూకరత్నాన్ని చేయి పట్టి ఎక్కించి, నడుమ పలక మీద కూర్చోబెట్టారు. సాయంకాలపు ఎండలో పసుపు అంచులు మెరిశాయి. అందరూ దండం పెట్టుకుంటూ ఉండగా, "అమ్మా, కాళ్ళకు చల్లగా ఉందే" అంది ఆమె.

పలకకూ పలకకూ నడుమ నుంచి నీరు ఊరుతోంది. ఇన్నేళ్ళూ పాకలో ఎండిపోయిన చెక్క ఎక్కడికక్కడ సందులు విడిచింది. పైన పూసిన పసుపు ఆ సందులను ఎవరికీ కనబడనీయలేదు. చూస్తుండగానే నీరు ఆమె మడమలు ముంచి పట్టీలను అందుకుంది. పల్లాలమ్మ చీర తడిసేదీ చూసుకోకుండా మడుగులో దిగి, కూతురిని రెండు చేతులా పొదివి పట్టుకుని ఒడ్డుకు తెచ్చింది.

"ఇదే శ్రావణంలో అయితే..." అంటూ తడి చేతులతో కూతురి ముఖం తడిమింది.

తాతబ్బాయి కళ్ళు నిండాయి. "తల్లి అలిగింది. కాలు పెట్టినందుకు అలిగింది."

పరదేశయ్యగారు ముందుకు వంగి, సగం మునిగిన పడవ అంచు మీద చేయి వేశారు. "అలగలేదు తాతబ్బాయీ. దాహం వేసింది."

మరునాటి నుంచి అచ్యుతం మకాం లంకలోనే. ఊరివారితో కలిసి అతడు పడవను రాళ్ళ బరువుతో మడుగులో ముంచి ఉంచాడు. చెక్క నీరు తాగి ఉబ్బి, సందులు చాలావరకు తామే మూసుకున్నాయి. మిగిలిన వాటిలో జనపనార కుక్కి, గుగ్గిలం కాచి పూశారు. తర్వాత పడవను పాకకు చేర్చలేదు. పాయలో నీరు పెరిగిన కొద్దీ అరటి గెలలూ గడ్డిమోపులూ అవతలి గట్టుకు అందులోనే వెళ్ళాయి. ఎక్కే ముందు ప్రతివాడూ దాని అంచు తాకి కళ్ళకు అద్దుకునేవాడు. ఆ మర్యాద మాత్రం ఎవరూ మానలేదు, మానమని గురువుగారూ అనలేదు.

శ్రావణం వచ్చింది. ముసురు విడవకుండా పట్టింది. ఒకనాటి ఉదయానికి ఏరు ఎర్రబడి, ఎగువన పెద్ద వరద ఉన్నదని కబురు అందింది. "ఇళ్ళ దాకా రావాలంటే ఇంకా చాలా పెరగాలిలే" అన్నారు కొందరు. పల్లాలమ్మ అప్పటికే బట్టల మూట కట్టేసింది. "పడవుంది, దారుంది. ఎక్కడానికి నీళ్ళు వచ్చి పిలవాలా?" అంటూ కూతురిని నడిపించుకుని రేవుకు వచ్చింది. ఆమె వెనుక ముసలివాళ్ళు, ఆ వెనుక పిల్లల తల్లులు. తాతబ్బాయి తెడ్డు పట్టాడు. అచ్యుతం తాటాకు గొడుగు నూకరత్నం మీదే పట్టి, తాను తడిశాడు. సుడులు తిరిగే నీటి మీద నిండుగా బరువెత్తుకుని పడవ మెల్లగా సాగింది. నూకరత్నం పాదాలు దారి పొడవునా పొడిగానే ఉన్నాయి. ఊరంతా గట్టు చేరేదాకా, అచ్యుతమూ ఒక తెడ్డు అందుకోగా, పడవ వస్తూ పోతూనే ఉంది. ఆ మధ్యాహ్నమే మఠం వసారాలో, చాటుకు కట్టిన చీరల వెనుక, ఆడపిల్ల పుట్టింది.

వరద అరటితోటల అంచు దాకా వచ్చి, అక్కడ తచ్చాడి, వెనక్కు తీసింది. ఇళ్ళలోకి చుక్క నీరు రాలేదు. తెడ్డు వేసి వేసి బొబ్బలెక్కిన అరచేతులు చూసుకుంటూ అచ్యుతం వసారా మెట్టు మీద కూర్చున్నాడు. గురువుగారు అటుగా రాగానే లేచి నిలబడ్డాడు.

"స్వామీ, ఆనాడు నిచ్చెన మీద అడిగిందే మళ్ళీ అడుగుతున్నాను. ఇంతా చేస్తే వరద ఇళ్ళలోకి రానేలేదు కదా!"

పరదేశయ్యగారు వసారాలోకి చూశారు. బాలింత పక్కనే, మనవరాలిని పొట్టకు హత్తుకుని, పల్లాలమ్మ గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుని ఉంది.

"మెల్లిగా మాట్లాడు నాయనా. ఆ తల్లికి ఇప్పుడే నెమ్మదిగా కన్ను అంటుకుంది."

ఈ కథ నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ, వీరరాఘవమ్మ.