పసుపు చుక్క పెట్టిన టైరు

1994 వేసవి. బడులు తెరవడానికి ఇంకా కొద్ది రోజులున్నాయి. స్కూలు బస్సులన్నీ ఫిట్‌నెస్ పరీక్ష కోసం మా పట్నం రవాణా ఆఫీసు మైదానంలో బారులు తీరాయి. ఆ గేటు దగ్గర కాపలా పని నాది కనుక ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది.

తనిఖీ అధికారి శరభయ్య గారికి ఒక అలవాటుండేది. అడిగిన ప్రశ్నకు అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న అరుంధతి ఒక సాయంత్రం ఇలా అడిగింది: "సార్, మనం పంపే తనిఖీ వివరాల్లో ఖాళీ గడి లేదు, కొట్టివేత లేదు, ఒక్కరోజు ఆలస్యం లేదు. అన్ని జిల్లాల్లో మనవే మేలైనవని పై ఆఫీసు రాసింది. అవి నిజంగా మంచివో కావో కొలవడానికి ఇంకేమైనా ఉందా?" ఆమె ఉద్యోగం ఖాయం కావలసింది ఆ మంచిపేరు మీదే. శరభయ్య గారు సైకిల్ తాళంచెవి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు మొదటి బస్సు రాగానే ఆయన దాని కిందికి వంగి, ముందు టైరు లోపలి వైపు పసుపు రంగు చుక్క ఒకటి పెట్టారు. అరుంధతి ఆ టైరు గాట్ల లోతు కొలిచి, బాగుందని రాసింది. బస్సు వెళ్ళిపోయింది. మధ్యాహ్నం వేరే బడి బస్సు వచ్చింది. దాని డ్రైవరు ఓదెలు. అరుంధతి టైరు కొలిచి, బాగుందని రాయబోతుంటే శరభయ్య గారు, "లోపలి వైపు కూడా చూడమ్మా" అన్నారు.

పసుపు చుక్క అక్కడుంది.

"ఓదెలూ, ఈ టైరుకు పొద్దున్నే పరీక్ష అయింది. మళ్ళీ ఎందుకు తెచ్చావయ్యా?"

"టైరన్నంక తిరుగుతది గద సారూ" అని నవ్వబోయిన ఓదెలు, అరుంధతి ముఖం చూసి ఆగాడు. "నా ఒక్కని మీద కోపం చెయ్యకుండ్రి మేడం. ఎదురుంగ దుకాణంల ఈ టైర్లు కిరాయికిస్తరు. అందరం గవ్వే బిగించుకొని వస్తం. మా ఓనరు కొత్తయి కొనడు, నేనేం జెయ్యాలె?"

"మరి నీ బస్సు టైర్లు?" అని అడిగింది ఆమె.

"దుకాణంల ఉన్నయి. నా గుండు లెక్క నున్నగయినయి."

అరుంధతి పొద్దున తాను రాసిన కాగితం తీసి మళ్ళీ చదివింది. చివరికి, "నేను రాసినదాంట్లో అబద్ధం లేదు సార్" అంది.

"లేదు. టైరు గురించి నిజమే రాశావు. పిల్లలు ఎక్కేది బస్సు."

ఆమె నాతో గేటు మూయించింది. ఆ వేసవిలో స్కూలు బస్సులకు ఇచ్చిన సర్టిఫికెట్లన్నీ శరభయ్య గారి సంతకంతో రద్దు చేసింది. పంపిన వివరాల నకళ్ళను ఎర్రసిరాతో కొట్టేసి మళ్ళీ పై ఆఫీసుకు పంపింది. మర్నాటి నుంచి చెప్పాపెట్టకుండా బడి బడికీ తానే వెళ్ళి, బస్సు ఎక్కడ నిలిచి ఉంటే అక్కడే దాని కింద దూరి చూసింది. ఓనర్లు మందగా వచ్చి పడ్డారు.

"రేపు బడి తెరుస్తరు. పిల్లలు ఎట్ల రావాలె?" అని ఒకాయన బల్ల గుద్దాడు.

"నడిచి రానివ్వండి. సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరతారు" అంది.

నెల తిరిగేసరికి పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆలస్యాలు ఎక్కువ, కొట్టివేతలు ఎక్కువ అని మా ఆఫీసును అన్నిటికన్నా కిందికి దించారు. అరుంధతి దాన్ని శరభయ్య గారి ముందు పెట్టింది.

"ఇప్పుడైనా చెప్పండి సార్. మన వివరాలు మంచివా, చెడ్డవా?"

ఆయన ఆ కాగితం వైపు చూడనే లేదు. "ఓదెలు బస్సు ఇవాళ ఎక్కడుందమ్మా?"

"షెడ్డులో."

"నువ్వేం రాశావు?"

"టైర్లు మార్చేదాకా కదలడానికి వీల్లేదని."

"మరింకేం?" అంటూ ఆయన సైకిల్ తాళంచెవి అందుకున్నారు.

ఆ ఏడు అరుంధతి ఉద్యోగం ఖాయం కాలేదు.