నక్క వార్డెను విజిల్ ఊదితే

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో నేను అటూ ఇటూ చెయ్యొచ్చు. జరిగింది మాత్రం ఇదీ, అమ్మాయ్.

అడవి అంచున ఎలుగుబంటి భీమన్నకి బెల్లం గానుగ ఉండేది. పొయ్యి పక్కనే ఎండిన చెరకు పిప్పి గుట్టలు. ఒక్క నిప్పురవ్వ పడితే అంతా బూడిదే. అందుకని ముసలి ఎద్దు సింహాద్రి పనివాళ్లకి శిక్షణ పెట్టాడు.

"విజిల్ వినగానే పని వదిలేసి చింతచెట్టు కిందకి వచ్చేయాలి. విజిల్ ఊదే వార్డెను గదులన్నీ చూసి ఆఖర్న రావాలి, వచ్చి తలలు లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా లోపలికెళ్లి మోసుకురావాలి."

"ఆ వార్డెను పని నాకివ్వు తాతా," అన్నాడు నక్క జంబులు. "ఆఖర్న రావడమంటే ప్రాణానికి తెగించడమే. నాకా, పెళ్లాం పిల్లలు లేరు."

అందరి కళ్లూ చెమ్మగిల్లాయి. విజిల్ ఇచ్చేశారు.

ఇక రోజూ డ్రిల్లే. అందరూ ఎండలో నిలబడి మాడుతుంటే, జంబులు గదులన్నీ చూసి తీరిగ్గా వచ్చేవాడు. "పందొమ్మిది. అందరూ ఉన్నారు. శభాష్!"

"ఇంతసేపు ఏటి చేశావు మావా?" అంది గాడిద.

"మూలమూలా చూడొద్దూ? నీ ప్రాణం నీకు లెక్కలేదేమో, నాకుంది!"

వారం తిరిగేసరికి బెల్లం దిమ్మల మీద పంటి గాట్లు పడ్డాయి. బెల్లం కొట్టుకి కాపలా కోడి నూకాలు. భీమన్న మండిపడ్డాడు.

"నాకు పళ్లెక్కడివి దొరా?" అంది నూకాలు.

"నీ పిల్లలకుండొచ్చు. రేపటికల్లా దొంగని చూపించు. లేదంటే పిల్లల్నేసుకుని అడవిలోకి పో."

అడవిలో ఆ పిల్లలు ఒక్కపూట బతకవు. నూకాలుకి కునుకు పట్టలేదు.

మర్నాడు విజిల్ మోగింది. నూకాలు చింతచెట్టు కిందకి వచ్చి, జంబులు కోసం ఆగకుండా తనే లెక్కపెట్టింది.

"తాతా, మన గానుగలో ఎంతమందిమి?"

"ఇరవై."

"ఇక్కడ పందొమ్మిదే ఉన్నాం!"

"ఎవరే తగ్గింది?"

"జంబులు మావ! బెల్లం కొట్టులో పొగకి సొమ్మసిల్లాడో ఏమో!"

"అయ్యో, పెళ్లాం పిల్లలు లేనివాడు!" అని గాడిద ఏడుపు లంకించుకుంది.

"ఏడుపు తర్వాత. నేర్పింది చెయ్యండి!" అన్నాడు సింహాద్రి.

దున్నపోతు ఒక్క గుద్దుతో బెల్లం కొట్టు తలుపు ఊడగొట్టింది. లోపలున్న జంబులుని చెరో కాలూ పట్టి బయటికి ఈడ్చారు. తనకేం కాలేదని చెబుదామంటే నోట్లో బెల్లం దిమ్మ అతుక్కుపోయి మాట పెగల్లేదు.

"మాట పడిపోయింది! నీళ్లు, నీళ్లు!"

రెండు కడవలు కుమ్మరించారు. గాడిద వాడి పొట్ట మీదెక్కి కూర్చుంది. దెబ్బకి దిమ్మ ఊడి భీమన్న కాళ్ల ముందు పడింది.

భీమన్న దిమ్మ మీది గాట్లు చూశాడు. నక్క మూతి చూశాడు.

"మీరు చక్కగా కాపాడారు. ఇంక వీడి సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు.

ఆ మాటతో జంబులు ఎలా లేచాడో, ఎలా పరిగెత్తాడో ఎవరికీ అంతుపట్టలేదు. విజిల్ నూకాలు చేతికొచ్చింది.

నీతి: అందర్నీ లెక్కపెట్టేవాణ్ని కూడా ఎవరో ఒకరు లెక్కపెట్టాలి.

అమ్మా జగదాంబా, ఎద్దు పేరూ ఎలుగుబంటి పేరూ తారుమారు చేశానేమో, మీ పిన్ని కోసం ఒక్కసారి సరిచూడు.