లోపం చెప్పి ఇచ్చిన బండి

మీ ఇంట్లో పాత బండి అమ్మినప్పుడు, కొనేవాళ్ళకి దాని గురించి ఎంత నిజం చెప్పారు? సగమా, ముప్పాతికా? పైన మెరుగు పెట్టి, కింద ఆయిలు కారే చోట గుడ్డతో తుడిచి, "కంటికి రెప్పలా చూసుకున్నామండీ" అన్నారా? తల దించుకోకండి. కథ వినండి.

అనగనగాల్లోకెల్లా చివరి అనగనగాలో, బళ్ళకి నోరున్న రోజుల్లో, మూడు కనుమల రాజ్యమని ఒకటుండేది. అక్కడ ఊరూరికీ కబుర్లు చేరవేసే పిల్ల పేరు అలివేణి. ఆమె బండి పేరు డిండిమం. పాత మోటారు సైకిలు. డబ్ డబ్ డబ్ మని అది వస్తుంటే, వంట చేసేవాళ్ళు గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చేవారు.

మొదటి కనుమను డిండిమం నవ్వుతూ ఎక్కేది. రెండోదాన్ని దగ్గుతూ ఎక్కేది. మూడో కనుమలో మాత్రం సగం దూరానికే ఆగిపోయేది. ఆ పైన ఎప్పుడూ మబ్బే. మబ్బుకి పైన ఏముందో రాజ్యంలో చూసినవాళ్ళు లేరు. అలివేణి మాత్రం అన్నం తింటూ కూడా అటే చూసేది.

మళ్ళీ ఒకసారి సగంలో ఆగిపోయిన రోజున డిండిమమే అంది.

"అమ్మాయ్, నన్ను మార్చేసెయ్."

"నిన్ను మార్చేస్తే నాకు ముద్ద దిగుతుందా?"

"ఓ రెండు పూటలు దిగదు. తర్వాత పెరుగేసుకుని తింటావు. నా మాట విను. ఆ పైన ఏముందో చూసొచ్చి నాకు చెప్పు. ఎవరి చేతికిచ్చినా సరే, నా సంగతంతా చెప్పి ఇవ్వు."

వర్తకుడు మాణిక్యం కొట్లో దూరప్రయాణాల కొత్త బండి ఒకటుంది. పేరు మేఘయానం. ఏనుగు పిల్లంత ఒళ్ళు. అటొకటి ఇటొకటి సామాన్ల పెట్టెలు. అద్దాల్లో ఆకాశం. ముందు పెద్ద దీపం, సూర్యుణ్ణి పట్టి గాజుబుడ్డిలో పెట్టినట్టు. అలివేణి చెయ్యి తుడుచుకుని మరీ దాన్ని ముట్టుకుంది.

పాత బండి ఒకటి కొనుక్కుందామని గాజులమ్మే నర్సక్క అప్పటికే అరుగు మీద కూర్చుంది. ఆమె తిరిగే ఊళ్ళన్నీ వాగు దాటాక లోయలో ఉన్నాయి. వాగు దాటగానే దారి జారుడుబండలా కిందికి పోతుంది.

మాణిక్యం పాత బండి చుట్టూ తిరిగాడు.

"ఇంజను ఎలా ఉంది?"

"గంట కొట్టినట్టుంది."

"దారిలో ఎక్కడన్నా వదిలేసిందా?"

"మూడో కనుమలో తప్ప ఎక్కడా వదల్లేదు."

"లోపమేమన్నా ఉందా?" అని అడిగి, అతను గొంతు తగ్గించాడు. "లేదని చెప్పు తల్లీ. లోపమున్న బండి నేను మార్పిడికి తీసుకోను. ఇంకెవరూ తీసుకోరు. దానికి కొలిమే గతి. నీకా కొత్తదీ రాదు. ఒక్క 'లేదు' అను, చాలు."

అలివేణి మబ్బు వైపు చూసింది. డిండిమం వైపు చూసింది. అరుగు మీద నర్సక్క గాజుల బుట్ట సర్దుకుంటోంది.

"ఏముందిలే, అందరూ అలాగే అమ్ముతారు" అంటారు మీరు. నిజమే. అందరూ అలాగే అమ్ముతారు గనకే, అందరూ అలాంటివే కొనుక్కుంటున్నారు. దానికేమంటారు?

"ఉంది" అంది అలివేణి, నర్సక్కకి కూడా వినబడేలా. "నీళ్ళు దాటాక దీని బ్రేకు కాసేపు పట్టదు. ఒడ్డెక్కగానే బండిని నెమ్మదిగా పోనిస్తూ, బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి ఉంచాలి. తడి ఆరాక పడుతుంది. ఆ తర్వాతే వాలు దిగాలి. తెలియనివాళ్ళు దిగితే లోయే."

"బాగుపడ్డావులే" అన్నాడు మాణిక్యం. "తీసుకుపో నీ బండి."

నర్సక్క లేచి నిలబడింది.

"ఆగవయ్యా. నీ కొట్లో ఏ బండి గురించి అడిగినా లోపం లేదన్నావు. మా చెల్లెలు ఎక్కిన బండికీ లేదనే చెప్పారు, ఎవరో. చెల్లెలు వాగు దాటింది గానీ, లోయలోంచి తిరిగి రాలేదు."

ఆమె వచ్చి డిండిమం హ్యాండిలు పట్టుకుంది.

"నాకిదే కావాలి. దీని ధరా, దాని మీద నీకొచ్చే లాభమూ నేనిస్తాను, ఆ పిల్లకి కొత్త బండి ఇచ్చెయ్. నీ సొమ్మేం పోయింది?"

మాణిక్యం బుర్ర గోక్కున్నాడు. చివరికి తాళంచెవి తీసి ఇచ్చాడు.

అలివేణి డిండిమం టాంకు మీద చెయ్యి వేసి, తీయలేకపోయింది.

"వెళ్ళమ్మా, ఇక్కడ ఏడిస్తే నాకు తుప్పు పడుతుంది" అంది అది.

అప్పుడు మేఘయానం గొంతు సవరించుకుంది. "అమ్మాయ్, నా లోపం ఎవరూ అడగలేదే."

"కొత్తదానివి, నీకు లోపమా?"

"ఆ పాతదాని గురించి అంత నిజం విన్నాక నాకు ఊరుకోబుద్ధి కావడం లేదు. నా పెద్ద దీపం చీకటికి పనికొస్తుంది గానీ మబ్బుకి పనికిరాదు. మబ్బులో వెలిగిస్తే ఆ వెలుగంతా తిరిగొచ్చి నీ కళ్ళల్లోనే పడుతుంది. అక్కడ దాన్ని ఆర్పేసి, కింద ఉన్న చిన్న పసుపు దీపం వేసుకో."

మాణిక్యం గోడ వైపు తిరిగి దుమ్ము దులపసాగాడు.

మొదటి కనుమ దాటారు. రెండోది దాటారు. మూడో కనుమలో డిండిమం ఆగిపోయే చోటు వచ్చింది, వెనక్కి పోయింది. మబ్బు కమ్మింది. పెద్ద దీపం ముందు తెల్లటి గోడ లేచి నిలబడింది. అలివేణి దాన్ని ఆర్పి, చిన్న దీపం వేసింది. పసుపు వెలుగులో దారి అంచు కనబడింది. చక్రానికి జానెడు దూరంలో. ఆ పక్కన నేలే లేదు.

ఆమె బండి వేగం తగ్గించింది. హ్యాండిలు మెల్లగా లోపలికి తిప్పింది.

ఇంకాస్త ఎక్కేసరికి తల మీద నీలం విచ్చుకుంది.

మబ్బు కిందికి పోయింది. ఏకిన దూదిలా, కంటికి ఆనినంత మేరా తెల్లగా పరుచుకుంది. అందులోంచి కొండకొమ్ములు దీవుల్లా పైకి తేలాయి. ఒక్కొక్కదాని మీదా ఎండ. ఆ తెలుపు మీద ఆమె నీడ, బండి నీడ, వాటి చుట్టూ గుండ్రంగా ఇంద్రధనుస్సు. అలివేణి చెయ్యి ఊపింది, ఆ నీడా చెయ్యి ఊపింది. మేఘయానం ఇంజను ఆపేసింది.

తిరిగొచ్చి, ఆమె నేరుగా లోయలో నర్సక్క వాకిట్లోకి వెళ్ళింది. డిండిమం మీద గాజుల బుట్ట ఒక్క గాజు పగలకుండా ఉంది.

"ఏముంది పైన?" అంది డిండిమం.

అలివేణి చెప్పింది. నీడ సంగతి, దాని చుట్టూ ఇంద్రధనుస్సు సంగతి. పాత బండి చివరిదాకా వింది. ఆ తర్వాత, ఎవరూ తాళం తిప్పకుండానే, ఒక్కసారి డబ్ మంది.

కొత్తదాన్ని కొనుక్కోండి, తప్పులేదు. ఆ మబ్బు పైకి మీరూ వెళ్ళండి. మనుషుల్ని లోయలో పడేసేది బండికున్న లోపం కాదు, మనం దాచిన లోపం. కాబట్టి మీ ఇంట్లో చేతులు మారబోయే బండో, ఫ్రిజ్జో, గేదో ఉంటే, ఇవాళే కొనేవాళ్ళని కూర్చోబెట్టి, దాని గొప్ప కంటే ముందు దాని లోపం చెప్పండి.