కిటికీలో పెట్టిన పాకం

అనగనగా ఒక ఊరు. మన దగ్గరిది కాదర్రా, సముద్రాలు దాటి వెళ్ళాల్సిన మెక్సికో దేశంలోది. అక్కడ బెల్లం పాకం, దాల్చినచెక్క పొడి పిండిలో కలిపి, పందిపిల్ల ఆకారంలో తియ్యటి రొట్టెలు కాలుస్తారు. కుదిరితే ఎంత మెత్తగా ఉంటాయో, పళ్ళూడిన తాతలు కూడా రెండు లాగించేస్తారు.

ఏటా జాతరలో దేవుడి ముందు పెట్టే తొలి పళ్ళెం యులాలియా ఇంటి నుంచే వెళ్ళేది. అది వాళ్ళమ్మ సంపాదించిన గౌరవం. అమ్మ పోయాక ఆ పొయ్యి మీద రొట్టెలు గట్టిపడ్డాయి. ఎదురింటి హసింతా కూడా రొట్టెలు మొదలుపెట్టేసరికి జనమంతా అటే పోయారు.

"ఈసారి మీరిద్దరూ కాల్చి తీసుకురండమ్మా. రుచి చూసి చెబుతాను," అన్నాడు ఊరిపెద్ద.

ఇంకేముంది! యులాలియాకి కడుపు మండిపోయింది. అన్నం సహించలేదు, కన్ను మూతపడలేదు. అమ్మ గౌరవం ఎదురింటికి పోతుందేమోనని ఒకటే కుళ్ళు.

"నిన్నగాక మొన్న పొయ్యి పెట్టిన మనిషి! ఏదో కిటుకు దాచింది," అనుకుని, ఎర్ర ముసుగు కప్పుకుని ఎదురింటి కిటికీ పక్కన నక్కింది.

మొదటి రోజు నల్లబెల్లం కనబడింది. "ఓహో, ఇదన్నమాట!" అని బజారులో ఉన్న నల్లబెల్లమంతా తెచ్చేసింది. రొట్టె నల్లబడింది గానీ మెత్తబడలేదు.

రెండో రోజు దాల్చినచెక్క వాసన గుప్పుమంది. చెంచాడు వేసేచోట దోసెడు పోసింది. నోరు భగ్గుమంది. రొట్టె మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉంది.

మూడో రోజు హసింతా మరిగిన పాకం దించి, కిటికీలో పెట్టి, ఇరుగమ్మతో కబుర్లకి పోయింది. ఎంతకీ రాదే!

"ఈ సోమరిపోతుకా ఇంత పేరు! ఇది వచ్చేలోగా నా రొట్టెలే ముందు తయారవుతాయి," అంటూ ఇంటికి పరుగెత్తి, సలసల మరిగే పాకాన్ని పిండిలో గుమ్మరించింది.

జాతర రానే వచ్చింది. ఊరిపెద్ద యులాలియా రొట్టె కొరికాడు. టక్కుమంది!

"ఏమ్మా, ఇది తినడానికా, గోడ కట్టడానికా?" అన్నాడు దవడ పట్టుకుని. పిల్లలు పకపకా నవ్వారు. తొలి పళ్ళెం హసింతాది అయింది.

యులాలియా ఒక మూల కూర్చుని ఏడ్చింది. హసింతా వచ్చి పక్కన కూర్చుంది.

"వదినా, పాకం చల్లారనిచ్చావా?"

"చల్లార్చడమేమిటి?"

"అయ్యో! వేడి పాకం పోస్తే పిండి ఉడికి గట్టిపడదూ? అందుకేగా నేను కిటికీలో పెట్టేది. మూడు రోజులూ నీ ఎర్ర ముసుగు కనబడుతూనే ఉంది. ఇవాళో రేపో లోపలికొచ్చి అడుగుతావనుకున్నాను."

"నీకెవరు నేర్పారిది?" అంది యులాలియా, ఇంకా కుళ్ళు చావక.

"ఎవరేమిటి, మీ అమ్మే! నీకూ ఎన్నోసార్లు చెప్పిందట. నువ్వేమో కిటికీలోంచి ఇరుగుపొరుగిళ్ళు చూస్తూ ఊ కొట్టేదానివట."

యులాలియాకి తల కొట్టేసినట్టయింది. ముసుగుతో కళ్ళు తుడుచుకుని, "రేపు మా ఇంటికి రా వదినా, దగ్గరుండి చూపించు," అంది.

మర్నాడు అమ్మ పొయ్యి మీద పాకం మరిగింది. ఇద్దరూ దాన్ని కిటికీలో పెట్టి, చల్లారేదాకా కూర్చున్నారు.

చూశారుగా పిల్లలూ, ఎదుటివాళ్ళ పొయ్యి చూసి కుళ్ళుకునేవాళ్ళకి, తమ ఇంట్లో ఉన్న విద్య కంటికి ఆనదు.