ఎర్ర ఉడతలకి అమ్మవారు

అనగనగా అంటే ఊఁ కొట్టాలి అమ్మడూ, లేకపోతే నేను చెప్పను. ఆఁ, అలాగ. అనగనగా కొండల్లో పనసగొంది అని ఒక ఊరు. ఆ ఊళ్ళో బుల్లెమ్మ అని ఒకావిడ. ముక్కు మీదే ఉండేది ఆవిడకి కోపం. పిల్లా పీచూ లేరు. పెరటి నిండా పనసచెట్లు మాత్రం ఉన్నాయి.

ఆ చెట్ల మీద ఎర్ర ఉడతలు ఉండేవి. మన గోడ మీద తిరిగే చారల ఉడతలు కావే. పిల్లి అంత ఒళ్ళు, ఒంటి కంటే పొడుగు తోక. కొమ్మ మీంచి కొమ్మకి దూకడమే గానీ నేల మీద కాలు పెట్టవు. అలాంటివాటిని బుల్లెమ్మ కిందకి దింపింది. ఎలాగంటావా? చెట్టు కింద రాతి మీద రోజూ పనసగింజలు ఉడికించి పెట్టి, "రండర్రా, రండి!" అని పిలిచేది. మొదట ఒకటి దిగింది. ఆ తర్వాత నాలుగు దిగాయి. ఆ తర్వాత అడవిలో ఉన్నవన్నీ ఆ రాతి దగ్గరే.

అన్నిట్లోకీ తోకమ్మ అంటే బుల్లెమ్మకి ప్రాణం. అది ఆవిడ చేతిలోంచే తినేది. తిని, ఆవిడ కొంగుకే మూతి తుడుచుకునేది. "కడుపున పుట్టకపోతేనేం, ఇది నా కూతురు" అని ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది బుల్లెమ్మ.

అప్పుడు ఒక ఎండాకాలం, ఒక ఉడతకి మూతి మీద పొక్కులు లేచాయి. కళ్ళు పుసులు కట్టాయి. మర్నాడు చెట్టు మీంచి రాలిపడి చచ్చిపోయింది. ఊళ్ళోవాళ్ళు దిష్టి అన్నారు. బుల్లెమ్మ చెట్టుకి నిమ్మకాయలూ, ఎండుమిరపకాయలూ కట్టింది. ఇంకో రెండు చచ్చిపోయాయి.

"దిష్టి కాదు, అమ్మవారు పోసింది" అన్నారు అప్పుడు. మనుషులకి పోసినట్టే ఉంది మరి. చలవ చేస్తుందని బుల్లెమ్మ రాతి మీద పెరుగన్నం పెట్టింది, చలిమిడి పెట్టింది. చలిమిడి ఎవరికి చేదు? అవతలి కొండ మీద ఉడతలు కూడా వచ్చాయి. అవీ రాలిపోవడం మొదలెట్టాయి. బుల్లెమ్మ ఏడ్చుకుంటూ ఇంకాస్త ఎక్కువ పెట్టేది.

ఆ తర్వాత పశువుల డాక్టరమ్మ వచ్చింది, జరీనా అని. చచ్చిన ఉడతని చూసింది, రాయిని చూసింది. "ఇది అంటుజబ్బండీ. ఇక్కడ తిండి పెట్టడం మానెయ్యండి" అంది.

బుల్లెమ్మ అగ్గి మీద గుగ్గిలం అయిపోయింది. "జబ్బు చేసినదాని నోటి దగ్గర కూడు లాగెయ్యమంటావా? ఏం మనిషివమ్మా నువ్వు!" అని కసిరి పంపేసింది.

ఆ సాయంత్రం పొక్కుల ఉడత ఒకటి దిగి, చలిమిడి సగం తిని, రాతికి మూతి రాసుకుని పోయింది. వెనకాలే తోకమ్మ దిగింది. దానికింకా ఒక్క పొక్కు కూడా లేదు. ఆ మిగిలిన సగం చలిమిడి కోసం వంగింది.

అది చూసింది బుల్లెమ్మ. ఇంట్లో పిల్లకి అమ్మవారు పోస్తే ఏం చేస్తాం? గుమ్మానికి వేపమండ కడతాం. ఎవర్నీ లోపలికి రానివ్వం. ఆ కంచంలో ఇంకో పిల్లకి పెడతామా? "అయ్యో నా మతి మండా! అందరికీ ఒకే కంచంలో వడ్డించాను కదా!" అని నెత్తి కొట్టుకుంది.

"పో! పోవే!" అని అరిచింది. తోకమ్మ పోలేదు. చలిమిడి వదిలేసి, అలవాటుగా ఆవిడ కొంగు దగ్గరకి వచ్చింది. అప్పుడు బుల్లెమ్మ మట్టిగడ్డ తీసి విసిరింది. తగిలింది. తోకమ్మ కీచుమని చెట్టెక్కి, పైనుంచి ఆవిడకేసి చూసింది. బుల్లెమ్మ అక్కడే కూలబడి భోరున ఏడ్చింది.

ఏడుస్తూ కూర్చుంటే అవుతుందా? లేచింది. రాతి మీద మంట పెట్టి కాల్చింది, పైన మట్టి కప్పేసింది. పెరటి దారికి అడ్డంగా వేపమండలు కట్టింది. వేపమండ చూశాక ఎవరు అడుగు పెడతారు? ఆవిణ్ణి చూసి ఉడతలకి పెట్టడం నేర్చుకున్న ఊళ్ళోవాళ్ళు కూడా మానేశారు. డాక్టరమ్మకి కబురు పెడితే, పాపం, ఆవిడ మనసులో ఏమీ పెట్టుకోకుండా వచ్చింది. చేతులకి తొడుగులు వేసుకుని, రాలినవాటిని తీసి లోతుగా పాతిపెట్టింది.

తోకమ్మ మళ్ళీ వచ్చింది. మొదటి రోజు నేల దాకా దిగబోయింది, బుల్లెమ్మ కర్ర ఝళిపించింది. రెండో రోజు కింది కొమ్మ దాకా వచ్చింది, బుల్లెమ్మ రేకుడబ్బా వాయించింది. మూడో రోజు పైనుంచే చూసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రాలేదు.

రాతి మీద తిండి లేదు కదా, ఏ ఉడత దాని చెట్టు అది చూసుకుంది. వానలు పడేసరికి రాలడం ఆగింది.

మళ్ళీ పనసలు పండే వేళకి చిటారు కొమ్మల్లో ఎర్రతోకలు కనిపించాయి. వాటి వెనకాల పిల్లలు కూడానూ! అందులో తోకమ్మ ఉందో లేదో అంత పైన బుల్లెమ్మ కంటికి ఆనలేదు. ఉండబట్టలేక ఒక్క అడుగు ముందుకి వేసింది. అంతే, అన్నీ తుర్రుమన్నాయి.

"చూశావా, నన్ను చూస్తే ఎంత భయమో వీటికి!" అంది బుల్లెమ్మ. అని, కళ్ళు తుడుచుకుంది. "పడనీ. బతికుంటేనే కదా భయపడతాయి" అని లోపలికి వెళ్ళిపోయింది.

కథేమో కంచికి పోయె,
ఉడతేమో కొమ్మకి పోయె,
మా అమ్మడి కన్నేమో నిద్దరకి పోయె.